సూరన్న తాత చేతి వినికిడి

ఖరగ్‌పూర్ స్టేషన్‌లో బండి ఆగితే చాలు, ఒక మనిషి చక్రాలను సుత్తితో కొట్టుకుంటూ పోతాడు. మంచి చక్రం ఠంగుమని పలుకుతుంది, పగులున్నది పలకదు. మొన్న మా చెల్లిని బండెక్కించడానికి వెళ్ళినప్పుడు ఆ చప్పుడు విని నా మాట మధ్యలో ఆగిపోయింది. నా నోరు ఆగిందంటే ఏమైందోనని చెల్లి కంగారుపడింది. ఏమీ కాలేదు, సూరన్న తాత గుర్తొచ్చాడంతే. తాత కర్పూరం వేసి కాచే ఆవనూనె వాసన కూడా ఎక్కడినుంచో వచ్చినట్టు అనిపించింది.

తాత మా పక్క క్వార్టర్‌లో కొడుకు దగ్గర ఉండేవాడు. సర్వీసంతా ఆ సుత్తి పట్టుకునే గడిపి, రిటైరయ్యాక జనం నడుములు, మెడలు సరిచేసేవాడు. ఆ విద్య టెక్కలి దగ్గర ఊళ్ళో వాళ్ళమ్మ నేర్పిందట. సుభాష్‌పల్లి బెంగాలీ గుమాస్తాలు, గోల్‌బజార్‌లో మూటలు మోసేవాళ్ళు అందరూ ఆయన వరండాలో కూర్చునేవారు. కొత్తవాళ్ళు రాగానే చొక్కా విప్పి బోర్లా పడుకోబోయేవారు. తాత పడుకోనిచ్చేవాడు కాదు. ముందు ఈ చివరి నుంచి ఆ చివరికి నడిపించేవాడు. చెప్పులు తిరగేసి ఏ పక్క అరిగాయో చూసేవాడు. ఏ పని చేస్తావు, ఎటు తిరిగి పడుకుంటావు, దగ్గితే నొప్పి ఎందాకా పోతుంది అని అడిగి అడిగి ప్రాణం తీసేవాడు. ఆ తర్వాతే చెయ్యి వేసేవాడు, అదీ నొప్పి లేని చోట మొదలుపెట్టి. ఎముక టక్కుమనలేదని ఒక గుమాస్తా అలిగితే, చప్పుడే కావాలంటే బజార్లో టపాకాయలు దొరుకుతాయి దాదా అని నవ్వించాడు. పెళ్ళై కొత్తగా వచ్చిన నాకు ఆ వరండా కంటే మంచి కాలక్షేపం లేదు.

అలాంటిది ఆ వరండాకి మేమే వెళ్ళాల్సి వచ్చింది. మా ఆయన బొగ్గింజను మీద ఫైర్‌మన్. పార పట్టి పట్టి నడుము పట్టేసింది. సోమవారం డాక్టరు పరీక్ష ఉంది. అందులో అన్‌ఫిట్ అంటే ఇంజను దింపేసి షెడ్డులో ఊడ్చే పని ఇస్తారు. డ్రైవరు కావాలన్న ఆశ అక్కడితో సరి. అందుకని నొప్పి సంగతి ఎవరికీ చెప్పొద్దని నా చేత ఒట్టు వేయించుకున్నాడు. షెడ్డులో స్నేహితులకు మాత్రం చెప్పాడు. ఇంజన్లు బాగుచేసేవాళ్ళు కదా, వాళ్ళకి నడుము కూడా తుప్పు పట్టిన నట్టులాగే కనిపించింది. ఇద్దరు భుజాలు, ఇద్దరు కాళ్ళు పట్టుకుని గట్టిగా లాగారు. టక్కుమంది. వదిలిందిరా అని అందరూ సంతోషించారట. మర్నాడు పొద్దుటికి ఎడమకాలు ఈడ్చుకుంటూ నడుస్తున్నాడు.

ఒట్టు పక్కన పెట్టి తాత దగ్గరకి లాక్కెళ్ళాను. ఒక్క పట్టు పట్టి సోమవారానికి నిలబెట్టమని బతిమాలాను. తాత ఎప్పటిలాగే నడిపించాడు. మడమల మీద నిలబడమంటే ఎడమ పాదం పైకి లేవలేదు. ఒంటేలుకి సరిగ్గా వెళ్తున్నావా అని కూడా అడిగాడు, నాకు సిగ్గేసి గోడవైపు తిరిగాను. ఆఖరికి పడుకోబెట్టి కళ్ళు మూసుకోమన్నాడు. చేతిలోకి చీపురుపుల్ల తీసుకున్నాడు.

"బొటనేలు మీద గీస్తన్నాను. తెలుస్తందా బావూ?"

"తెలుస్తంది తాతా," అన్నాడు మా ఆయన వెంటనే.

పుల్ల తాత చేతిలో అలాగే ఉంది.

"నానింకా ముట్టుకోనేదు," అన్నాడు తాత.

మా ఆయన కళ్ళు తెరవలేదు. కళ్ళ చివర్ల నుంచి నీళ్ళు మాత్రం కారాయి. నేను ఊరుకోలేదు. చేతకాకపోతే చెప్పాలి గానీ మా ఆయన్ని అబద్ధాలకోరు చేస్తావా, నీ చేతులకి ముసలితనం వచ్చింది అని నోటికొచ్చినట్టు అనేశాను. తాత కోపం తెచ్చుకోలేదు. చేతులు తుడుచుకుని చెప్పాడు.

"సక్రం పలకకపోతే ఇంకా గట్టిగా కొట్టలేదమ్మీ నాను. బండి ఆపీసినాను. డ్రైవర్లు తిట్టినారు, అయినా ఆపినాను. ఇది నా సెయ్యి పని కాదు. ఆస్పత్రికెల్లి నిజం సెప్పండి."

మాతో పాటు రిక్షా ఎక్కి రైల్వే ఆసుపత్రికి తాతా వచ్చాడు. డాక్టరు నరం నలుగుతోందని చెప్పి చేర్చుకున్నారు. నెలన్నర బల్ల మీద పడక, ఆ తర్వాత చాలాకాలం షెడ్డులో తేలికపాటి పని. మా ఆయన ఊడ్చాడు, ఊడ్చినన్నాళ్ళూ నన్ను చూసి తల దించుకున్నాడు. కాలికి బలం వచ్చాక డాక్టరు సరేనంటేనే తాత నూనె గిన్నె తీశాడు. ఒక్క టక్కూ లేదు, పసిపిల్లకి స్నానం చేయించినంత మెత్తగా పట్టేవాడు. "ఈ రోజు తేలిగ్గుంటాది, గెంతకు. రేపు సలుపుతాది, బెదిరిపోకు. ఎల్లుండొచ్చి ఉన్నదున్నట్టు సెప్పు," అనేవాడు. సరిగ్గా అలాగే జరిగేది. మరుసటి ఏడు మా ఆయన పరీక్ష నెగ్గి మళ్ళీ ఇంజనెక్కాడు. ఆ రోజు తాతకి నేను గోల్‌బజార్ నుంచి రసగుల్లాలు తెచ్చి పెట్టాను. నా మాటలు ఆయనకు గుర్తున్నాయేమోనని మొహం చూశాను. రెండోది అడిగి తిన్నాడు.

తాత పోయి మూడేళ్ళు. మా ఆయన డ్యూటీ నుంచి మొహమంతా మసితో వస్తాడు. నడుమెలా ఉందంటే ఏటీ లేదంటాడు. ఆ మాట నేను నమ్మను. మంచం మీద పడుకోబెట్టి, కళ్ళు మూయించి, చీపురుపుల్ల పట్టుకుని కూర్చుంటాను. ఒక్కోసారి ఊరికే గాల్లో పెట్టి, తెలుస్తోందా అని అడుగుతాను.

"నువ్వింకా ముట్టుకోనేదు," అంటాడు కళ్ళు మూసుకునే.