జమ్ము మీద నా యుద్ధం

ఒక్క పూటలో బస్తీ అంతా ముక్కు మూసుకునేలా చేసిన ఘనత ఆ రోజుల్లో గనుల ఊరు బచేలి చుట్టుపక్కల ఎవరికైనా దక్కిందంటే, అది నాకే. అందుకు కావలసినవి ఒక పలుగు, ఒక కొడవలి, పట్టరాని కోపం. మొదటి రెండూ పక్కింట్లో అడిగి తెచ్చుకున్నాను. మూడోది పుట్టింటి నుంచే తెచ్చుకున్నాను.

అప్పుడు నాకు కొత్తగా పెళ్ళయింది. మా ఆయనకు రైల్వే గ్యాంగులో పని. గనుల కొండ కింద చిన్న బస్తీ మాది. ఎండాకాలం బావి అడుగంటేది. ట్యాంకరు ఎప్పుడొస్తుందో దేవుడికే తెలియాలి. అందుకని ఇళ్ళలో వాడిన నీళ్ళన్నీ ఒక తొట్టిలోకి, అక్కడి నుంచి కంకర పోసిన గుంటలోకి వెళ్ళి, చివరికి తేటగా ఒక మడుగులోకి చేరేవి. వాటితోనే ఆడవాళ్ళు వంగ, మిరప పండించుకునేవారు. ఇదంతా నాకు తెలుసు. ఆ కంకర గుంటలో మనిషెత్తు జమ్ము గడ్డి ఎందుకుందో మాత్రం తెలియదు.

ఇంతలో మా ఆయనకు మలేరియా వచ్చింది. నేను నేరుగా ఆ నీళ్ళ ఏర్పాటు చూసే సూపర్‌వైజర్ మూర్తిగారి మీదికి వెళ్ళాను.

"ఏటండీ ఆ అడవి? దోమలు మమ్మల్ని పీక్కు తింతన్నాయి. కొట్టించరా?"

"అది ఉండాలమ్మా."

"ఎందుకుండాల?"

"చెప్పినా మీకు సమఝ్ కాదులెండి."

చూశారా ఆ మాట! నా కోపం మీద కిరసనాయిలు పోసినట్టయింది. ఇంకో మాట వినకుండా విసవిసా వచ్చేశాను. ఆడవాళ్ళందరూ సంతకు వెళ్ళిన రోజు చూసి గుంటలోకి దిగాను. ఒక్కో దుబ్బునూ మూర్తిగారి జుట్టే అనుకుని వేళ్ళతో సహా పెకలించాను. కంకర చెదిరి, అడుగున ఉన్న బురదంతా పైకొచ్చింది. ఎంత శుభ్రం చేశానో అని మురిసిపోయి ఇంటికొచ్చి పడుకున్నాను.

తెల్లారేసరికి కంపు! నల్లటి నీళ్ళు మడుగులోకి, అక్కడి నుంచి వంగ మళ్ళలోకి పారాయి. కొంటా వైపు నుంచి వచ్చి మా పక్కింట్లో ఉంటున్న రాజమ్మ లబోదిబోమంది.

"ఏంది పిల్లా గీ వాసన? నా తోట పాడాయె!"

అంతలో మూర్తిగారు ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని పరుగెత్తుకొచ్చారు.

"ప్లాంటేదీ? ప్లాంటు ఎవరు తీసేశారు?"

ఏదో మిషను పోయిందనుకున్నాను. "మాకు ప్లాంటూ లేదు, గీంటూ లేదు. మీరే అమ్ముకునుంటారు!" అని అందరి ముందూ అరిచాను.

"అమ్మా తల్లీ! ఆ జమ్మే ప్లాంటు! దాని వేళ్ళల్లోంచి పారితేనే మురుగు తేటపడేది!"

బస్తీ మొత్తం నా వైపు తిరిగింది. సిగ్గు రావాల్సిన చోట నాకు మళ్ళీ కోపమే వచ్చింది.

"ఆ ముక్క ఆ రోజే చెప్తే మీ నోట్లో ముత్యాలు రాలిపోతాయేటి?"

"చెప్పేలోపే వెళ్ళిపోయారు కదా!"

"చాలు!" అని రాజమ్మ గద్దించింది. "నువ్వేమో చెప్పకపోతివి సారూ, ఇదేమో ఆగకపాయె. మీ నడుమ నా వంకాయలు సచ్చె. ఇద్దరూ దిగుండ్రి గుంటల!"

దిగాం. ఆడవాళ్ళు వాగు నుంచి కొత్త జమ్ము మోసుకొచ్చి మా మీదికి విసిరారు. మూర్తిగారు ప్యాంటు మోకాళ్ళ దాకా మడిచి, నేను చీర ఎగదోపి, ఒకరి ముఖం ఒకరు చూసుకోకుండా నాట్లు వేశాం. గట్టు మీద చింతబరిక పట్టుకుని రాజమ్మ కాపలా.

ఆ మురుగులో నిలబడే ప్రమాణం చేశాను. ఈ జన్మలో గడ్డిపరకను కూడా తొందరపడి పీకను. పీకాల్సి వస్తే ముందు చేతులు జోడించి, "తమరు ఏ డిపార్ట్‌మెంటండీ?" అని అడుగుతాను.