ఇసుకలో దిగబడిన ఆటో

మాది మైపాడు. రెండేళ్ళ క్రితం మా ఆయన సముద్రంలో చేపల వేటకు పోయి తిరిగి రాలేదు. ఆ తర్వాతే నేను ఇట్లా లావెక్కినాను. ఎవరైనా ఎగతాళి చేసేలోపు నేనే ఏదో ఒక కోత కోసి నవ్వించేదాన్ని.

ఒక ఆదివారం మా అత్తతో కలిసి చర్చి నుంచి షేర్ ఆటోలో వస్తుంటే బండి ఇసుకలో దిగబడింది. "అక్కా, నువ్వొక్కదానివి దిగితే చాలు," అన్నాడు డ్రైవరు. దిగినాను. మిగతావాళ్ళంతా కూర్చునే ఉన్నారు, అయినా ఆటో ఒక్క ఊపులో పైకొచ్చేసింది! అందరూ పగలబడి నవ్వినారు.

నేనూరుకుంటానా? "ఇదేం చూసినారు! మొన్న నేను స్నానానికి దిగితే సముద్రం ఊర్లోకొచ్చేసింది. పాపం, పేపరోళ్ళు తుపానని రాసుకున్నారు!" అన్నాను.

నవ్వులు ఇంకా ఎక్కువైనాయి. మా అత్త మాత్రం నవ్వలేదు.

"నవ్వబాకండి," అనింది. "నా కొడుకు పోయినా ఇది ఇంకా ముగ్గురికే వండతా ఉంది. గిన్నెలో అన్నం మిగిలితే వాడు లేడని గుర్తొస్తుందని, వాడి వాటా కూడా ఇదే తింటా ఉంది."

ఆ సంగతి ఆమెకు తెలియదనే అనుకున్నాను ఇన్నాళ్ళూ. తల వంచుకొని ఆటో ఎక్కి కూర్చున్నాను.

నేనెంత లావైనానో చెప్పినవాళ్ళే గానీ, ఎందుకైనానని అడిగినవాళ్ళు లేరు. ఇంటికొచ్చినాక మా అత్త బియ్యం డబ్బా నా చేతిలోంచి తీసుకొని, ఇద్దరికి సరిపడా తనే కొలిచి పోసింది. ఆ కాసిని బియ్యం చూసి, మా ఆయన పోయిన ఇన్నాళ్ళకు మొదటిసారి గట్టిగా ఏడ్చినాను.