అయ్యగారి ఎర్రపోగు

కాశిబుగ్గలో మా చర్చి అయ్యగారికి ఒక అలవాటు ఉండేది. చర్చి బల్లమీది బైబిల్లో తనకు అర్థంకాని మాట వస్తే ఆ పేజీలో ఎర్రటి నూలుపోగు పెట్టేటోడు. సంఘంలో సగంమంది మగ్గం నేసేటోళ్ళే గనుక పోగులకు కొదవలేదు. పాస్టరుకే ఇన్ని తెల్వకుంటే ఎట్లా అని నాకు చిరాకు.

ఒక ఆదివారం యెఫ్తా కథ చదివిండు. మొక్కు కోసం కన్నబిడ్డను బలిచ్చిన మనిషి కథ అది. ఆ ఏడే జ్వరంతో కూతురిని పోగొట్టుకున్న ఒకామె లేచి నిలబడ్డది.

"అయ్యగారూ, అబ్రాహాము కొడుకును చంపబోతే దేవుడు ఆపిండు గదా. ఈ పిల్లను బలిస్తుంటే ఎందుకు ఆపలే?"

ఏదో ఓదార్పు చెప్తడనుకున్న. ఆయన బైబిల్ ఆమె దిక్కు తిప్పి పోగు చూపించిండు.

"నాకు తెల్వదు బిడ్డా. ఇరవై ఏండ్లసంది ఆయన్నే అడుగుతున్న."

ఆయన పోయినాక వచ్చిన కొత్త పాస్టరు బాగా చదువుకున్నాయన. యెఫ్తా బిడ్డను చంపలేదని, పెండ్లి చేయకుండ దేవుని సేవకు అప్పగించిండని గంటసేపు వివరించి, ఆ పోగు తీసి కింద పడేసిండు. అందరం ఆమెన్ అన్నం.

చర్చి ఖాళీ అయితుంటే తలుపుకాడ నుంచి వెనక్కి చూసిన. అప్పుడు అయ్యగారిని ప్రశ్న అడిగిన ఆమె వంగి, ఆ పోగు వెతికి, మళ్ళా అదే పేజీలో పెడుతున్నది.