నేను చూపించిన సాలీడు పూలు

మొన్న మధురవాడలో మా అపార్టుమెంటు లిఫ్టు తలుపు తెరుచుకోగానే గుప్పుమని ఒక వాసన తగిలింది, మిగలపండిన ద్రాక్షా తడిసిన బెరడూ కలిసినట్టు. ఎదురింటి అమ్మాయి చేతి సంచిలోంచి పూలరెమ్మ ఒకటి వేలాడుతోంది. గోధుమరంగు మీద వల అల్లినట్టు గీతలు, కాళ్లు చాచిన సాలీడులా అయిదు రేకులు, నడుమ ఊదారంగు నాలుక. "అరకు దారిలో అమ్ముతుంటే కొన్నాం ఆంటీ" అంది. వేళ్ల వైపు చూశాను. వాటికి అరచేయంత బెరడు ఇంకా అంటుకునే ఉంది. బతికున్న చెట్టు మీంచి పీకి తెచ్చారన్నమాట. ఆ బెరడుని వేలితో ఒకసారి తడిమాను.

ఎనభైల మొదట్లో మేం కంచరపాలెంలో రైలుపట్టాల పక్క సందులో ఉండేవాళ్లం. కొండకింది పల్లెలో సేద్యం సాగక పట్నం వచ్చిన నాన్న ఒక కలప డిపోలో పనికి కుదిరాడు. వానాకాలం వస్తే డిపోలో రంపంపొట్టు నాని పులిసిన వాసన, మా అమ్మ చెక్కముక్కలతో రాజేసిన పొయ్యి పొగ, పక్కింట్లో కాలుతున్న ఎండుచేపల ఘాటు, అన్నీ కలిసి మా బట్టల్లో ఉండిపోయేవి, బడిలో మా బెంచీ దగ్గరికి ఎవరూ వచ్చేవాళ్లు కాదు. కొండల మీంచి లారీ వచ్చిందంటే చాలు, తాగుతున్న సోడంబలి గిన్నె అక్కడే వదిలేసి దుంగల మీదికి ఎగబడేదాన్ని. ఎందుకంటే బెరడు మీద ఆ మొక్కలుండేవి.

వాటిని గుర్తుపట్టడం నాన్నే నేర్పాడు. ఈతమట్టలా అటూ ఇటూ రెండు వరసల్లో ఆకులుండాలి, ఆకు కొస ఎలక కొరికినట్టు ఎగుడుదిగుడుగా ఉండాలి, వేళ్లు తెల్లగా, లావుగా ఉండి నీళ్లు చల్లగానే చూస్తుండగా పచ్చబడాలి. "అప్పుడే అది నిజమైన బదనిక, పాపా. సూడు, ఎంత మొండిదో" అనేవాడు. పెద్దవాళ్లకి దాని ఆకు బెణుకులకి పట్టువేయడానికి పనికొచ్చేది. నాకు మాత్రం పువ్వే కావాలి. సాలీడు పువ్వని దానికి పేరు పెట్టింది నేనే. దుంగ మీంచి ఒలిచి, కొబ్బరిపీచుతో మా చూరుకర్రకి కట్టేదాన్ని. అవి దుంగల మీదే పుడతాయని నా నమ్మకం. ఎన్ని లారీలొస్తే అన్ని పూలని రోజూ దణ్ణం పెట్టుకునేదాన్ని.

అయిదో తరగతి సెలవుల్లో నాన్న నన్ను కూపుకి, అంటే చెట్లు కొట్టే అడవికి, తీసుకెళ్లాడు. రైల్లో సొరంగాలు లెక్కపెడుతూ, అమ్మ కట్టిచ్చిన పులిహోర మూడో సొరంగం దాటకముందే ఖాళీ చేశాం. అక్కడ తల ఎత్తితే నా పూలు ఆకాశంలో ఉన్నాయి. బతికున్న మద్దిచెట్ల మీద, నాలుగు నిలువుల ఎత్తున, గుత్తులు గుత్తులుగా. నా ఆనందానికి పట్టపగ్గాల్లేవు. అదిగో ఒకటి, అదిగో ఇంకోటి అని వేలు చూపిస్తూ చెట్ల మధ్య పరిగెత్తాను. నా వెనకే, కూపు పనులు చూసే అప్పన్న మేస్త్రి, ఎర్రరంగు డబ్బా పట్టుకుని. నేను చూపించిన ప్రతి చెట్టుకీ ఒక గీత గీశాడు. నా పూలకి గుర్తు పెడుతున్నాడనుకుని, అతను చూడని చెట్టుని కూడా చెయ్యి పట్టి లాగి మరీ చూపించాను.

అన్నం వేళకి మొదటి చెట్టు పడింది. నేల అదిరింది. దుమ్ములోంచి పూలరెమ్మలు వచ్చి నా కాళ్ల దగ్గర పడ్డాయి. ఆ వెంటనే రెండోది.

అప్పన్న మేస్త్రి మా నాన్న భుజం తట్టాడు. "బావా, నీ కూతురి కళ్లు భలే కళ్లు. ఆ మొక్క ముసలి సెట్టు బెరడునే పట్టుకుంటాది. ముసలి సెట్టంటే లోపల కర్ర సేవదేరి గట్టిగుంటాది. నాకైతే ఇయన్నీ ఎతకడానికి రెండ్రోజులు పట్టేది."

నాన్న నవ్వబోయి, నా మొహం చూసి ఆగిపోయాడు.

"నీకు తెలుసా నాన్నా?" అన్నాను.

"మన కూడు అదేనమ్మా" అన్నాడు, నా వైపు చూడకుండా.

తిరుగు రైల్లో నేను సొరంగాలు లెక్కపెట్టలేదు. వారం తర్వాత డిపోకి లారీ వచ్చింది. ఎర్రగీతలున్న దుంగలు. వాటి మీద పూలు ఇంకా వాడలేదు, అదే నన్ను ఎక్కువ భయపెట్టింది. పిల్లలంతా ఎగబడ్డారు, నేను వెళ్లలేదు. నాన్న ఒక మొక్క ఒలిచి తెచ్చి తనే చూరుకర్రకి కట్టి, రోజూ పొద్దున్నే పనికెళ్లేముందు నీళ్లు చల్లేవాడు. ఏడాది బతికింది. నాన్న మళ్లీ ఎప్పుడూ నన్ను కొండకి రమ్మనలేదు.

ఆ డిపో స్థలంలో ఇప్పుడు టైల్స్ దుకాణం ఉంది. ఆ సందూ లేదు, నాన్నా లేడు. నేను వేలు చూపించిన పదకొండు చెట్లు మాత్రం వరసతో సహా గుర్తున్నాయి.

లిఫ్టులో కలిసిన సాయంత్రమే ఎదురింటి అమ్మాయి, దీన్నెలా పెంచాలంటూ, సంచీతో మా ఇంటికొచ్చింది. బెరడు ఊడదీయొద్దన్నాను. ఎండ నేరుగా తగలని చోట వాళ్ల బాల్కనీ ఊచకి పీచుతో కట్టిచ్చి, నీళ్లు చల్లాను. తెల్లటి వేళ్లు చూస్తుండగా పచ్చబడ్డాయి. ఆ అమ్మాయి ముచ్చటపడిపోయింది.

"మీకు బాగా తెలుసే ఆంటీ. ఇవి ఏ చెట్ల మీద ఉంటాయి? ఈసారి మేమే వెతుక్కుంటాం."

చేతులు పైటకొంగులో చుట్టుకున్నాను.

"నాకు తెలీదమ్మా" అన్నాను.