కారు పందెం హెల్మెట్, చెంబెడు నీళ్లు

మా తమ్ముడు కొత్త బండి కొన్నాడు. సూర్యాపేటలో మా ఇంటి నుంచి మిర్యాలగూడ రైసుమిల్లులో ఉద్యోగానికి రోజూ దాని మీదే వెళ్లి రావాలి. కోతల కాలంలో ఆ దారిలో సగం రోడ్డు మీద వడ్లు ఆరబోసి ఉంటాయి, మిగతా సగం మీద లారీలు నడుస్తాయి. పక్క డొంకల్లోంచి ట్రాక్టర్లు హారన్ అయినా కొట్టకుండా రోడ్డెక్కుతాయి.

బండికి పూజ జరుగుతుంటే నేను దూరంగా కుర్చీ వేసుకుని కూర్చున్నాను. ఈ ఇంట్లో నా వాదనలకు టీ ఇస్తారు, ఓటు మాత్రం వెయ్యరు. టైర్ల కింద నిమ్మకాయలు నలిగినా మాట్లాడలేదు. హ్యాండిల్‌కు వేలాడుతున్న హెల్మెట్‌ను చూశాక మాత్రం లేచాను.

నల్లగా నిగనిగలాడుతోంది. కళ్ల దగ్గర సన్నని చీలిక లాంటి సందు. చెవుల వెనక రెండు ఇనుప గుబ్బలు. నుదుటి మీద పసుపు, కుంకుమ బొట్లు. కోదాడలో ఉండే మా మరదలి అన్న, కారు పందేల ట్రాక్‌లో పనిచేసినప్పటిది, పంపాడట.

"గిది మామూలుది కాదక్కా, మస్తు ఖరీదుది. లారీ ఎక్కినా పగలది," అన్నాడు తమ్ముడు.

"లారీ ఎక్కితే హెల్మెట్ మిగిలి ఏం లాభంరా?"

"వదినా, మా అన్నయ్య ప్రేమగా పంపాడు. పూజ కూడా అయిపోయింది. ఇప్పుడు మారిస్తే అరిష్టం కాదా?" అంది మరదలు.

పూజ మీద నాకున్న కోపం పాతదే. ఖరీదైనది కాబట్టి కాపాడుతుందనే నమ్మకం అంతకంటే మొండి మూఢనమ్మకం. దానికి డిగ్రీ చదివినవాళ్లే ఎక్కువ భక్తులు.

ఆ సాయంత్రం కూర్చుని రెండు రకాల హెల్మెట్ల గురించి చదివాను. కారు పందెంలో తల మళ్లీ మళ్లీ కారు లోపలి ఇనుప కడ్డీలకు తగలొచ్చు, మంటలు రావొచ్చు. అందుకే లోపల నిప్పంటుకోని గుడ్డ, గట్టి మెత్త. మెడ విసురుగా ఊగకుండా పట్టీలు తగిలించడానికే ఆ గుబ్బలు. బండి మీదివాడి తల రోడ్డుకు ఒక్కసారే గట్టిగా కొట్టుకుంటుంది. ఆ ఒక్క దెబ్బనూ లోపలి మెత్త తాను నలిగి మింగాలి. అన్నిటికంటే ముఖ్యం, పక్కల నుంచి వచ్చేది కంటికి కనపడాలి.

మాటలతో లాభం లేదని పొద్దున్నే వాకిట్లో పరీక్ష పెట్టాను. తమ్ముడు హెల్మెట్ పెట్టుకుని, స్టాండు వేసిన బండెక్కి గేటు వైపే చూడాలి. మరదలు చెంబెడు నీళ్లతో పక్క నుంచి రావాలి.

"కనవడంగనే ఆగమను. లేకుంటే నీళ్లు పోస్తది," అన్నాను.

"పెళ్లాన్ని కూడ సూడనా, గుడ్డోణ్నా?" అని నవ్వాడు.

ఆ నవ్వు ఆగకముందే అతని భుజం తడిసింది.

ఒక పక్కే చూపించి గెలవడం వాదన కాదు. నా స్కూటీ హెల్మెట్ పెట్టించి మళ్లీ చేయించాను. మరదలు నాలుగడుగులైనా వెయ్యకముందే, "ఆగు, ఆగు!" అని అరిచాడు.

మరదలు చెంబు కింద పెట్టి కోదాడకు ఫోన్ చేసింది. స్పీకర్‌లో వాళ్లన్న గొంతు వినిపించింది: "ఓసి పిచ్చిమొహమా! బావగారు అద్దాల బీరువాలో పెట్టుకుంటారని పంపానే. బండి మీద ఎవరు పెట్టుకోమన్నారు?"

తమ్ముడు భుజం తుడుచుకుంటూ, "బొట్లు గిట్ల పెట్టి బీరువాల పెట్టాల్నా?" అన్నాడు.

ఆ రోజే ఐఎస్ఐ గుర్తున్న బండి హెల్మెట్ కొన్నాడు. మరదలు దాని నుదుటికి నిమ్మకాయ కట్టబోయింది. కళ్లకు అడ్డమొస్తుందని నేను ఒప్పుకోలేదు. చాలాసేపు వాదించుకున్నాక నిమ్మకాయ హ్యాండిల్ కిందికి దిగింది.

మొన్న మిర్యాలగూడ నుంచి వస్తూనే తమ్ముడు చెప్పాడు: "డొంకలకెల్లి ట్రాక్టర్ ఎక్కిందక్కా. ముందే కనవడ్డది, బ్రేక్ కొట్టిన."

"చూశారా వదినా, నిమ్మకాయ పనిచేసింది," అంది మరదలు.

నేను కుర్చీ ముందుకు లాక్కున్నాను. టీ వచ్చింది. వాడు రోజూ ఇలా తిరిగొస్తుంటే, ఈ వాదన రోజూ మొదటి నుంచి మొదలుపెట్టడానికి నాకేం అభ్యంతరం లేదు.