అడ్జస్ట్ కాని కోడలు, అతకాల్సిన పడుగు

ఇంగ్లిషులో నాకు పడని క్రియ ఒకటుంది: అడ్జస్ట్. ఇంగ్లిషువాళ్లు కుర్చీని, గడియారాన్ని, అద్దాన్ని అడ్జస్ట్ చేస్తారు. మనవాళ్లు కోడల్ని చేస్తారు. నాగర్‌కర్నూల్ నుంచి గద్వాలలోని ఈ నేత ఇంటికి వచ్చిన రోజే మా అత్తమ్మ "జర అడ్జస్ట్ కావాలె పిల్లా" అంది. బడి మొహం చూడని మనిషికి ఆ ఒక్క మాట ఎలా అబ్బిందో! "కాలేజీల ఇంగ్లిషు చెప్పుకుంట. మగ్గం కాడ మాత్రం కూసోను" అని నేనూ ఆ రోజే తేల్చేశాను. ఇరవై ఏళ్లు ఆ మాట మీదే నిలబడ్డాను.

పోయిన ఎండాకాలం అత్తమ్మకు కంటి ఆపరేషన్ అయింది. అప్పుడే వనపర్తిలో ఉన్న చిన్న మనవరాలి ఓణీల ఫంక్షన్ దగ్గరపడింది. మనవరాళ్లందరి మొదటి చీరా మా మగ్గం మీదిదే. దీనికొక్కదానికే కొట్లో కొంటే ఆమెకు ముద్ద దిగదు. నేయడానికి మా ఆయన ఉన్నాడు. కానీ కొత్త పడుగు నిలువు పోగులను ఒక్కొక్కటిగా మగ్గం మీది పాత పడుగు కొసలకు అతకాలి. అది ఎప్పుడూ ఆమె పనే.

"నెల దినాలు కండ్లకు పని చెప్పొద్దన్నరు దవాఖానల" అంటూ నా వైపు తిరిగింది.

"ఆ మాట అనకు అత్తమ్మా!"

"నేనేమన్న అన్ననా?"

అనలేదు. అందుకే కూర్చున్నాను.

పొద్దంతా గట్టిగా ముడులు వేసి గర్వంగా పిలిచాను. వేలితో తడిమి పకపకా నవ్విందామె.

"ముడులేసినవా? కట్టెల మోపు అనుకున్నవా? గివి అచ్చు సందులకెల్లి ఎట్ల పోతయే? అన్నీ ఇప్పు!"

దువ్వెన పళ్లలాంటి ఆ అచ్చులోంచే ప్రతి పోగూ దూరి రావాలి మరి.

"ముందే చెప్పొచ్చు గద?"

"చెప్తే ఇంటవా? గంత సదువు సదివినవ్!"

బూడిద అద్దుకున్న వేళ్లతో రెండు కొసలూ పక్కపక్కన చేర్చి ఒక్క మెలి తిప్పాలట. ఉబ్బు ఉండదు, పట్టు ఉంటుంది.

ఆ సాయంత్రం, అత్తమ్మ అడ్జస్ట్‌ను తప్పుగా వాడుతోందని నిరూపిద్దామనే నిఘంటువు తెరిచాను. అడ్జస్ట్‌కు లాటిన్ మూలంలో అర్థం పక్కన చేర్చడం. పాత ఫ్రెంచిలో జతచేయడం. న్యాయమనే అర్థమున్న జస్ట్‌తో చుట్టరికం తర్వాతి పండితులు కలిపిందట. చదివి వినిపించాను.

"ఇన్నవా అత్తమ్మా? రెండు కొసలూ దగ్గరికి రావాలె. ఒక్కటే ఒంగుడు కాదు."

"మరి ఇరవై ఏండ్ల సంది నీ నోటి పక్కకే కూసుంటలేనా నేను?"

పడుగు లాగే రోజు ముగ్గురం మగ్గం దగ్గర చేరాం. మా ఆయన మెల్లగా లాగాడు. పోగులన్నీ అచ్చు దాటి వచ్చాయి, అంచు దగ్గర తెగిన ఒక్కటి తప్ప.

"గది నువ్వతికిందే" అన్నాడు మా ఆయన.

"నేను అంచుదాకా రానే లేదు, నిన్న చీకటి పడ్డది! మిగిలినయి నువ్వే అతికినవనుకున్న."

అత్తమ్మ గోడ వైపు చూసింది. నేను పొద్దున కాలేజీకి పోగానే మిగిలిన పోగులు ఆమే అతికిందన్నమాట.

"ఆ కండ్లతోని ఎందుకు కూసున్నవ్ అత్తమ్మా? నీకు బుద్ధుందా?"

"కండ్లు మూసుకునే అతికిన. జర అడ్జస్ట్ కావే!"

నవ్వాపుకోలేక బూడిదలో వేలు ముంచాను. తెగిన ఆ ఒక్క పోగూ అతికాను.