నీడ పైకొచ్చిన బాణాలు

ఆమెకి వారానికి ఒక్క పూట సెలవు, ఆదివారం మధ్యాహ్నం. మిగతా రోజులన్నీ ఆస్పత్రి వెనక గదిలో దుప్పట్లు ఇస్త్రీ చేస్తుంది. ఆ ఒక్క పూటా గోడకి ఆనుకుని కాళ్లు బారజాపుకుని కూర్చోవాలని సోమవారం నుంచే అనుకుంటూ ఉంటుంది. ఈ ఆదివారం కొండ ఎక్కుతోంది. అందుకు కారణమైన మనిషి చంకలో నోటుబుక్కు పెట్టుకుని, చెప్పులు టపటపలాడించుకుంటూ ముందు నడుస్తున్నాడు.

ఆమె భర్త బోర్డులు రాస్తాడు. ఒకప్పుడు వాళ్ల వీధిలో క్షౌరశాల నుంచి పళ్ల డాక్టరు గది దాకా అన్నీ అతని చేతి అక్షరాలే. ప్రింటు రేకులు వచ్చాక ఒక్కొక్కటే ఊడిపోయాయి. ఇక మిగిలింది సరస్సు పక్కనున్న ఈ చిన్న కొండ. దారి చీలినచోటల్లా ఒక చెక్క పలక ఉంటుంది. మొత్తం పదహారు. వాటి మీద బాణమే తప్ప అక్షరం ఉండదు. ఏటా వడ్రంగి వాటిని విప్పి తెస్తే, ఇతను గీకి, తెల్లరంగు పూసి, నల్ల బాణం గీసి, దాని కింద సన్నగా బూడిదరంగు నీడ వేస్తాడు. ఏది ఎటు తిరగాలో నోటుబుక్కులో ఉంది. ముప్ఫై ఏళ్లుగా అదే వరస. కొండ మాత్రం ఒక్కసారీ ఎక్కలేదు.

ఈసారి రంగు ఆరి పలకలు మళ్లీ ఎక్కాక, పైకి బయల్దేరినవాళ్లు సరస్సు ఒడ్డున పంపుహౌసు దగ్గర తేలడం మొదలుపెట్టారు. కొండ దారులు చూసుకునే ఆఫీసు గుమాస్తా ఫోన్ చేశాడు. సోమవారం తనే ఎక్కి చూస్తాడట. దారి తప్పితే ఆ పూటే పలకలు పీకించి రేకులు పెట్టిస్తాడట.

"నా బాణం తప్పదు. వడ్రంగే తప్పుగా బిగించుంటాడు," అని స్క్రూడ్రైవర్ జేబులో పెట్టుకుని బయల్దేరాడు. మోకాలు పట్టేస్తే ఆసరాకి మనిషి కావాలి కాబట్టి ఆమె కూడా.

మొదటి చీలిక దగ్గర బాణం కుడివైపు చూపిస్తోంది.

"ఎడమకండీ," అంది ఆమె. ఇస్త్రీ గది ఆడవాళ్లతో ఈ కొండ నాలుగైదుసార్లు ఎక్కింది.

"బాణం కనబడట్లేదా?"

"కనబడుతోంది. గీసింది మీరని కూడా తెలుసు. అందుకే ఎడమకంటున్నా."

అతను కుడికే వెళ్లాడు. ఆమె వెనకే నడిచింది. ఇరవై నిమిషాలకి పంపుహౌసు వచ్చింది. దాని మెట్ల మీద కూర్చున్న కాపలావాడు వీళ్లని చూసి లేచి నిలబడను కూడా లేదు.

"కొండకేనా? ఈ రోజుకి మీరు పదకొండో జంట. మంచినీళ్లు లోపలున్నాయి."

ఆమె రెండు గ్లాసులు గటగటా తాగింది. అతను గ్లాసు ముట్టలేదు.

మళ్లీ మొదటికి వచ్చారు. ఆమె పలక వెనక చేయి పెట్టి తడిమి, వంగి చూసింది. వడ్రంగి పెన్సిలుతో వేసిన అంకె ఉంది. ఒకటి.

"మీ నోటుబుక్కులో ఒకటోది ఎటు?"

అతను పేజీ తీశాడు. వేలు పెట్టి వరస చూశాడు. "ఎడమ," అన్నాడు.

"మరి కుడికెందుకు గీశారు?"

వడ్రంగికి ఫోన్ చేస్తే అప్పుడు బయటపడింది. వడ్రంగి ప్రతి ఏడూ కింద నుంచి విప్పుకుంటూ పైకి వెళ్లేవాడు. ఈసారి ముందు పైకెక్కి, విప్పుకుంటూ దిగాడు. దొంతర తిరగబడింది. ఇతను వెనక్కి తిప్పి చూడకుండా ఎప్పటి వరసలోనే గీసుకుపోయాడు.

"వెనక అంకె వేశాడుగా! చూడొద్దూ?"

"నా పని ముందువైపే."

"దుప్పటి కూడా నేను రెండోవైపు తిప్పి చూసి మడుస్తానండీ. దుప్పటి!"

అతను పలక ముందు చతికిలబడ్డాడు. గీకి, రంగేసి, ఆరబెట్టి, మళ్లీ గీయాలంటే మూడు రోజులు. గుమాస్తా వచ్చేది రేపు. "అయిపోయిందిలే. రేకులే పెట్టుకోనీ," అన్నాడు. ఆ మాట అన్న తీరుకి ఆమెకి ఇంకా ఒళ్లు మండింది. పనిలేని ఈ మనిషి రోజంతా ఇంట్లో కూర్చుని కిటికీ చువ్వలకి రంగులేస్తుంటే తను ఏ గోడకి ఆనుకోవాలి?

"స్క్రూడ్రైవర్ ఇలా ఇవ్వండి."

"ఎందుకూ?"

"తలకిందులు చేసి బిగిస్తే కుడి ఎడమవుతుంది."

అతను పలకకి అడ్డంగా చేయి పెట్టాడు. "నీడ పైకొస్తుంది!"

"రానీండి."

"వెలుతురు పైనుంచి పడితే నీడ కిందుండాలే! అది పైనుంటే చూసినవాడు ఏమనుకుంటాడు?"

"ఎవడు చూస్తాడండీ మీ నీడని? ఆయాసపడుతూ ఎక్కేవాడికి దారి కావాలి గానీ నీడెందుకు?"

అతను చేయి తీసి, స్క్రూడ్రైవర్ ఇచ్చి, మొహం సరస్సు వైపు తిప్పుకున్నాడు. ఆమె రెండు మరలు విప్పి, పలక తిప్పి, బిగించింది. చూడలేనట్టు అతను ముందుకు నడిచాడు. ఆ తర్వాత ప్రతి చీలిక దగ్గరా ఆగి, బాణం వైపు కాక ఆమె వైపు చూసి, "ఎటు?" అని అడిగాడు. పదహారింటిలో ఆరు అదృష్టం కొద్దీ సరిగ్గానే ఉన్నాయి. పది తిరగేశారు. ఆమె అరచేయి బొబ్బలెక్కింది.

కొండ మీద పదహారో పలక ఉంది. శిఖరం మీదిది కదా అని అతను ఏటా దానికి ఒక రోజు ఎక్కువ పెట్టేవాడు. తిప్పి సరిగ్గా బిగించాక అది చూపిస్తున్నది చెత్తకుండీని. అతను దాన్నీ, కింద తళతళలాడుతున్న సరస్సునీ చూసి, "బాగానే కనబడుతోంది," అన్నాడు. ఏది అన్నది ఆమె అడగలేదు.

సోమవారం సాయంత్రం ఆమె ఇంటి బట్టలు ఇస్త్రీ చేస్తుంటే గుమాస్తా ఫోన్ చేశాడు. అతను స్పీకర్ పెట్టాడు.

"దారి సరిగ్గానే ఉందయ్యా. ఎక్కి దిగాను. రేకులు ఈ ఏడాదికి వద్దులే. కానీ ఒక మాట. పది పలకలకి నీడ పైనుందేంటి? చూస్తుంటే ఏదోలా ఉంది. వచ్చి సరిచేసెయ్."

"చేస్తానండీ! తప్పకుండా చేస్తానండీ!"

ఫోన్ పెట్టేశాక అతని మొహం వెలిగిపోతోంది.

"విన్నావా? చూసేవాళ్లున్నారు."

ఆమె తర్వాతి బట్ట తీసి బల్ల మీద పరిచింది.

"ఆదివారం మధ్యాహ్నం నీకు సెలవేగా?"

ఆమె ఇస్త్రీపెట్టెని అతని చొక్కా మీద దబ్బున దించింది.